ఆవిడ కోసం ఆటోమేటిక్

“మా ఆవిడ కూడా నడపాలి కదా భాయ్. ఆవిడకి క్లచ్ కుదరదు. ఆటోమేటిక్కే వేసేయండి” అన్నాడు సత్యనారాయణ, కారు బానెట్ మీద చెయ్యి ఆనించి.

భరణి పక్కనే ఉంది. గోడకి వరసగా వేలాడుతున్న స్పానర్లను చూస్తున్నదల్లా తల తిప్పి మొగుడి వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. బానెట్ మీద లేని దుమ్మును వేలితో తుడుస్తున్నాడు.

అది దోహా శివార్లలో, పనివాళ్లంతా సనయ్యా అని పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న గ్యారేజీ. నడిపేది కరీంనగర్ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఖుత్బుద్దీన్. శనివారం సెలవు కాబట్టి మొగుడూ పెళ్లాలు పొద్దున్నే వచ్చారు. వచ్చింది కారును చూసుకోవడానికి. అల్మన్సూరాలో వాళ్ల ఫ్లాటు కింద నిలిపి ఉంచే మామూలు జపాన్ కారు కాదు, ఇది వేరు. డెబ్బై రెండు మోడల్ పాంటియాక్. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, స్టార్ట్ చేస్తే నేల అదిరే ఇంజను. సత్యనారాయణ పని చేసే స్టేడియం సైటులో సూపర్‌వైజర్‌గా ఉన్న ఒక లెబనాన్ ఆయన దేశం వెళ్లిపోతూ ఇతనికి ఇచ్చి పోయాడు. అప్పటిదాకా అది ఉమ్ సలాల్‌లో ఒక తోటలో, ఖర్జూరపు చెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉండేది. మేకలు దాని నీడన పడుకునేవి. దాన్ని లారీ మీద ఎక్కించి తెచ్చిన రోజు నుంచీ సత్యనారాయణ కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

ఇంజను కుదిరింది, బ్రేకులు కుదిరాయి. మిగిలింది గేరుబాక్సు. మొదటి గేరు నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు కరకరమని చప్పుడు. దాని సంగతి తేల్చమని గజేందర్‌కి అప్పగించారు. జగిత్యాల దగ్గరి పల్లెటూరు అతనిది. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కారు కింద ఉన్నాడు. చెప్పుల్లేని పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ పాదాల మీదుగా మాట వినిపించింది.

“డబ్బా గట్టిగనే ఉన్నది సార్. రెండో గేరుకాడ ఇత్తడి రింగు అరిగింది, గంతే. రింగు మారిస్తే ఇగ చూసుకోనక్కర లేదు.”

రెండో దారి అక్కడే చెక్క బల్ల మీద ఉంది. ఇసుక దిబ్బల్లో పల్టీ కొట్టిన ఇలాంటిదే మరో కారు నుంచి విప్పి తెచ్చిన ఆటోమేటిక్ గేరుబాక్సు. అది బిగించాలంటే క్లచ్ పెడల్ తీసెయ్యాలి, వెనక చక్రాలకి పోయే షాఫ్టు కోసి పొట్టి చెయ్యాలి, ఆయిలు పైపులు కొత్తగా లాగాలి. ఒకసారి మార్చాక మళ్లీ మొదటికి రావడం అంత తేలిక కాదని ఖుత్బుద్దీన్ ముందే చెప్పాడు. అల్ ఖోర్ నుంచి ఒకాయన ఆ బాక్సు కోసం ఫోన్లు చేస్తున్నాడనీ, గురువారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి ఖాయం చెయ్యమనీ అన్నాడు. లేడీస్ నడిపేటట్టయితే ఆటోమేటిక్కే మేలని తన వంతుగా ఒక మాట కూడా కలిపాడు.

గజేందర్ కారు కింద నుంచి బయటికి జరిగి, పడుకున్నచోటి నుంచే భరణి ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ లోపలికి జరిగాడు. నలుగురిలో మొగుణ్ణి కాదనే అలవాటు ఆమెకి లేదు. అదీగాక, విన్నది విన్నట్టు నమ్మడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది.

బయటికి వచ్చాక సత్యనారాయణ తాము వచ్చిన జపాన్ కారు తాళాలు ఆమె చేతికే ఇచ్చాడు. దారులు ఆమెకి తెలిసినట్టు అతనికి తెలియవు. ప్రపంచ కప్పు కోసమని ఊరంతా తవ్వి పోశారు. పొద్దున్న ఉన్న రోడ్డు సాయంత్రానికి ఉండటం లేదు. ఆ మళ్లింపు రోడ్ల బోర్డుల బొమ్మలు గీసే ఆఫీసులోనే భరణి ఉద్యోగం. ఏ మలుపు దగ్గర ఏ బాణం పెట్టారో, అరబ్బీ అక్షరం ఎంత ఎత్తు, ఇంగ్లీషు అక్షరం ఎంత ఎత్తు అన్నది ఆమె చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఇంటికి చేరేదాకా సత్యనారాయణ ఫోనులో పాత కార్ల వీడియోలు చూస్తూ, మధ్యమధ్య ఆమెకి కూడా చూపిస్తూ కూర్చున్నాడు. అతని ఆనందం చూస్తే ఏమైనా అనబుద్ధి కాలేదు.

ఆ ఇంట్లో క్లచ్ సంగతి ఎవరూ ఎత్తరు. దోహా వచ్చిన కొత్తలో సత్యనారాయణ గేరు బండి టెస్టుకి వెళ్లి, ఎత్తు మీద ఆపి కదిలించమన్న చోట బండి ఆగిపోయి, “యల్లా, దిగు” అనిపించుకుని వచ్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అంతే. చివరికి ఆటోమేటిక్ వరకే పనికొచ్చే లైసెన్సు తీసుకున్నాడు. తర్వాత భరణి వెళ్లింది, గేరు బండి లైసెన్సుతో తిరిగొచ్చింది. ఆ కార్డు పర్సులో పెట్టుకుంది తప్ప ఎవరికీ చూపించలేదు. ఎవరూ చూపించమనీ అడగలేదు. రోజూ నడిపేవి ఆటోమేటిక్ కార్లే కాబట్టి ఆ తేడా ఎప్పుడూ బయటపడలేదు.

ఆదివారం సాయంత్రం భరణి ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్ము హాల్లో లెక్కలు చేసుకుంటోంది. పదో తరగతి పిల్ల. తండ్రి పోలికే, మాట మాత్రం తల్లిది. పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే, నాన్న ఫోనులో రత్నాకర్ అంకుల్‌తో చెప్తుంటే విన్నాననీ, నీకు రాదని ఆ కారుకి గేర్లు తీయించేస్తున్నారట కదా అనీ అడిగింది. రత్నాకర్ సత్యనారాయణతో పాటు సైటులో పనిచేసే ఇంజనీరు. అతనికి చెప్పాడంటే క్యాంటీన్ అంతటికీ చెప్పినట్టే.

“ఏం పరవాలేదులేమ్మా. నేను పెద్దయ్యాక ఆటోమేటిక్కే నేర్చుకుంటా. మనకి అవి పడవు” అంది అమ్ము.

మనకి అంది. తల్లినీ తననీ కలిపేసుకుంది. భరణి హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి, వంటింట్లోకి వెళ్లింది. బియ్యం కడుగుతూ ఆ మాటనే తిప్పితిప్పి వింది. మొగుడు గ్యారేజీలో అన్నప్పుడు నవ్వొచ్చినట్టూ కోపమొచ్చినట్టూ రెండూ అయింది. ఇప్పుడు నవ్వు పోయింది. కడిగిన బియ్యమే మళ్లీ కడిగింది.

సోమవారం మధ్యాహ్నం ఆమెకి సనయ్యాలోనే పని పడింది. బోర్డులు తయారుచేసే షెడ్డులో కొత్త బోర్డు ఒకటి సిద్ధమైంది, వెళ్లి చూడాలి. నీలిరంగు రేకు మీద మెరిసే తెల్లని అక్షరాలు. మూలన ఒకచోట అంటించిన కాగితం కింద గాలి బుడగ మిగిలింది. దాన్ని గోటితో నొక్కి చూసి, ఎండకి అది ఉబ్బుతుందనీ, మార్చమనీ చెప్పింది. బాణం కొన మలుపు వైపు సరిగ్గా ఉందో లేదో వెనక్కి నడిచి దూరం నుంచి చూసింది. పని అయిపోయింది. ఆఫీసుకి తిరిగి వెళ్లాల్సిన దారి కుడి వైపు. ఆమె ఎడమకి తిప్పింది.

ఖుత్బుద్దీన్ నమాజుకి వెళ్లాడు. గజేందర్ ఒక్కడే పాంటియాక్ ముందు వంగి కార్బొరేటర్ స్క్రూ తిప్పుతూ ఇంజను చప్పుడు వింటున్నాడు. ఆమెను చూసి నడుం ఎత్తి, చేతులు గుడ్డకి తుడుచుకుని, సార్ రాలేదా మేడమ్ అని అడిగాడు. రాలేదంది. కాసేపు ఇంజను వైపు చూసింది. తర్వాత, ఒకసారి లోపల కూర్చోవచ్చా అని అడిగింది.

సీటు లోతుగా ఉంది. ముందుకి జరుపుకుని ఎడమ పాదం క్లచ్ మీద పెట్టింది. బరువుగా ఉంది, రోలుని కాలితో తోస్తున్నంత బరువు. గేరు రాడ్డు కుడి చేతికి వచ్చింది. న్యూట్రల్‌లో అటూ ఇటూ ఊపి చూసుకుంది. గజేందర్ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“నడుపుతరా మేడమ్?” అని అడిగాడు.

“నడుపుతాను.”

అతను ఒక్క క్షణం రోడ్డు వైపు చూసి, గుడ్డ భుజాన వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. గేటు దాటకముందే బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. భరణికి చెవులు వేడెక్కాయి. గజేందర్ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె మళ్లీ స్టార్ట్ చేసింది. ఈసారి క్లచ్ ఎక్కడ అందుకుంటోందో పాదంతో వెతికింది. పెడల్ సగం పైన, దాదాపు చివరలో ఉంది ఆ చోటు. అక్కడ కాలు నిలిపింది. బండి కదిలింది.

గ్యారేజీల వెనక వీధి మధ్యాహ్నం వేళ ఖాళీగా ఉంది. మొదటి గేరు నుంచి రెండోదానికి మార్చే చోట ఆమె క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చింది, వదిలింది, మళ్లీ తొక్కి రెండోదాంట్లోకి నెట్టింది. చప్పుడు లేకుండా పడింది. పొడుగాటి ముక్కు కొద్దిగా పైకి లేచి, బండి ముందుకి సాగింది. గజేందర్ నవ్వాడు.

“గట్ల రెండుసార్లు తొక్కుడు ఏడ నేర్చిండ్రు?”

“తణుకులో. మా నాన్నకి కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఉండేది. ఆ వ్యాను రెండో గేరు కూడా ఇలాగే ఏడిచేది” అంది భరణి.

వీధి చివరిదాకా వెళ్లి తిప్పుకుని వచ్చారు. గేటు ముందు ఇంకోసారి వెళ్దామా అని ఆమే అడిగింది. మళ్లీ వెళ్లారు. ఈసారి మూడో గేరు దాకా పోయింది. ఎదురుగాలికి జుట్టు ముఖాన పడుతుంటే ఎడమ చేత్తో తోసుకుంది. ఆఫీసులో ఎవరైనా వెతుకుతున్నారేమోనన్న ఆలోచన ఒకటి వచ్చి, వచ్చినట్టే పోయింది.

ఇంజను ఆపాక గజేందర్ వెంటనే దిగలేదు. గుడ్డ మడతపెడుతూ, సార్ మరి మీకు రాదని చెప్పిండు గద మేడమ్ అన్నాడు. ఆమె తాళం చెవి తీసి అతని చేతిలో పెట్టింది.

“నువ్వేం చెప్పకు. చెప్పుకోవాల్సింది నేను చెప్పుకుంటాను.”

ఆ మాటైతే అంది గానీ, చెప్పడానికి మంగళవారం తెల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. అమ్ము ఇంకా నిద్ర లేవలేదు. సత్యనారాయణ సోఫా అంచున కూర్చుని సైటు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. భరణి టీ కప్పు తెచ్చి అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. కూర్చున్న తీరు చూసి అతను తాళ్లు కట్టడం ఆపాడు.

“కారుకి ఆటోమేటిక్ వేయించుకోండి. నాకేం అభ్యంతరం లేదు. అది మీ కారు, మీ ముచ్చట. కానీ నా పేరు చెప్పి వేయించకండి” అంది.

అతనికి అర్థం కావడానికి సమయం పట్టలేదు. అర్థం కానట్టు ఉండటానికే కొంత ప్రయత్నించాడు. సరదాకి అన్నాననీ, గ్యారేజీలో ఏదో ఒక కారణం చెప్పాలి కదా అనీ, ఇంత చిన్న మాటని పట్టుకుని కూర్చుంటావేమిటనీ అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. రత్నాకర్‌కీ అదే చెప్పారు కదా, అమ్ము విన్నది అంది. అమ్ము ఏమందో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. మనకి అవి పడవు అన్నది కూడా.

“మీకు రాదని నేనెప్పుడైనా ఎవరి దగ్గరైనా అన్నానా?” అని అడిగింది.

సత్యనారాయణ బూటు తాడు రెండో ముడి వేసి, లేచి, హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది. కింద సైటు బస్సు హారన్ వినిపించింది. కాసేపటికి భరణి ఆ టీ తనే తాగింది. పారబొయ్యడం ఇష్టం లేక తాగింది గానీ, చల్లారిన టీ కూడా బాగానే ఉందనిపించింది. అనాల్సింది అనేసింది, ఇక అతను ఏం చేస్తాడన్నది అతని సంగతి.

ఆ రోజూ మర్నాడూ ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. పోట్లాట ఏమీ లేదు. అతను ఎప్పటిలాగే రాత్రి గిన్నెలు కడిగాడు, అమ్ముకి లెక్కలు చెప్పాడు. వీడియోలు మాత్రం చూడలేదు. బుధవారం సాయంత్రం భరణి ఆరిన బట్టలు తీసుకుని బాల్కనీ నుంచి వస్తూ పడకగదిలోకి చూసింది. సత్యనారాయణ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎడమ పాదంతో నేలని నొక్కి, మెల్లగా, చాలా మెల్లగా పైకి ఎత్తుతున్నాడు. కుడి చెయ్యి గాల్లో ఒక రాడ్డుని ముందుకి తోసి వెనక్కి లాగుతోంది. పెదవులు బిగుసుకుని ఉన్నాయి, పరీక్ష రాసే పిల్లాడికిలా. చెయ్యి ముందు కదిలితే కాలు ఆలస్యంగా కదులుతోంది. తలాడించుకుని మళ్లీ మొదలెడుతున్నాడు.

ఆమె అడుగు చప్పుడు కాకుండా వెనక్కి తగ్గి, బట్టలు హాల్లోనే మడతపెట్టుకుంది. అతని చొక్కాలు మడతపెడుతుంటే నిన్నటి నుంచీ ఉన్న బిగువు కొంత వదిలింది.

గురువారం డ్యూటీ దిగాక రత్నాకర్ కూడా కారు చూస్తానని వెంట వచ్చాడు. వరంగల్ మనిషి, నోట్లో మాట నిలవదు. దారిపొడుగునా ఆ కారు గురించే మాట్లాడాడు. అమ్ము కూడా వస్తానంది. అందరూ గ్యారేజీ చేరేసరికి లైట్లు వేశారు. ఖుత్బుద్దీన్ అల్లం టీ తెప్పించాడు. గజేందర్ పక్కన ఒక బండి చక్రం బిగిస్తున్నాడు. భరణిని చూసి తల ఆడించి తన పనిలో పడ్డాడు.

అల్ ఖోర్ ఆయన పొద్దుటి నుంచీ ఫోన్లు చేస్తున్నాడనీ, ఇప్పటికైనా మాట తేల్చమనీ ఖుత్బుద్దీన్ అడిగాడు.

“తేలేది ఏమున్నది భాయ్, ఆటోమేటిక్ ఖాయమే. మేడమ్ కోసం పెట్టిస్తున్నడు మా సార్. ఇసొంటి మొగడు ఎవరికి దొరుకుతడు” అన్నాడు రత్నాకర్ నవ్వుతూ.

భరణి టీ గ్లాసు అంచుని చూస్తూ నిలబడింది. ఇప్పుడు మొగుడు ఏమంటాడో ఆమె ఊహించుకునే ఉంది. ఏదో ఒకటి సర్దుతాడు. పాత కారుకి పాత గేరుబాక్సే అందమనో, రింగు దొరికిందనో అంటాడు. తనని తప్పించి మాట మారిస్తే చాలు, అంతకన్నా ఆశించకూడదని దారిలోనే అనుకుంది.

సత్యనారాయణ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఆవిడ కోసం కాదు. ఆవిడకి క్లచ్ వచ్చు, లైసెన్సు కూడా గేరు బండిదే. రానిది నాకు. ఇక్కడ టెస్టు ఎన్నిసార్లు తప్పానో ఆవిడ ఒక్కదానికే తెలుసు. చెప్పుకోలేక ఆవిడ మీద పెట్టాను” అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు, సైటులో పైపు ఎక్కడ కారుతోందో చెప్పినట్టు. మెడ మాత్రం ఎర్రబడింది. గజేందర్ చేతిలో స్పానరు ఆగింది. ఖుత్బుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. రత్నాకర్ నవ్వబోయి, ఆగి, అందరి ముఖాలూ చూసి, తన బూట్ల వైపు చూసుకున్నాడు.

“నాది గూడ ఆటోమేటిక్ లైసెన్సే సార్” అన్నాడు చివరికి. “మా ఇంటామె రాణికి తప్ప ఎవ్వరికి చెప్పలే.”

ఈసారి నవ్వింది ఖుత్బుద్దీన్. ఈ దోహాలో సగం మంది సంగతి అదేననీ, వచ్చిన ప్రతివాడూ తమ ఊళ్లో లారీలు నడిపానని చెప్పుకుంటాడనీ అన్నాడు. సత్యనారాయణ కూడా నవ్వాడు. ఇన్నేళ్లుగా దాచుకున్నది ఇంతేనా అన్నట్టు నవ్వాడు.

అమ్ము తల్లి దగ్గరికి జరిగి, నిజంగా వచ్చా అమ్మా అని అడిగింది. భరణి జవాబు చెప్పేలోపు గజేందర్ గొంతు సవరించుకుని ఆమె వైపు చూశాడు. చెప్పొచ్చా అని అడుగుతున్న చూపు అది. ఆమె తల ఊపింది.

“మేడమ్ సోమారం నాడు ఈ బండే నడిపిండ్రు. మూడో గేరు దాకా పోయినం” అన్నాడతను.

సత్యనారాయణ గిరుక్కున తిరిగాడు. ఈ కారు తన చేతికి వచ్చిన నాటి నుంచీ ఒక్క గజం కూడా అతను నడిపింది లేదు. తోయడం, తుడవడం, లారీ ఎక్కించడం, అంతే. కోపగించుకుంటాడేమోనని భరణి ఒక క్షణం అనుకుంది.

“నాకన్నా ముందే నడిపేశావా” అన్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “ఎలా ఉంది?” అని అడిగాడు. చిన్నపిల్లలు పండగకి ముందే గారె రుచి చూసిన వాళ్లని అడిగినట్టు.

“క్లచ్ బరువుగా ఉంది. కానీ బాగుందండీ. చాలా బాగుంది.”

ఖుత్బుద్దీన్ ఫోను మోగింది. అతను దాన్ని చేత్తో మూసి పట్టుకుని, అల్ ఖోర్ మనిషేనన్నాడు. మరి ఏం చెప్పమంటారని సత్యనారాయణని అడిగాడు. సత్యనారాయణ భరణి వైపు చూపించి, ఆవిడని అడగమన్నాడు. ఖుత్బుద్దీన్‌కి ఇది కొత్తే అయినా మనిషి మర్యాదస్తుడు. పూర్తిగా ఆమె వైపు తిరిగి, “మీరేమంటరు మేడమ్?” అని అడిగాడు.

అడిగాక గానీ ఆ ప్రశ్న బరువు ఆమెకి తెలియలేదు. వారమంతా గేరు బండి గేరు బండిగానే ఉండాలని లోపల అనుకుంటూనే ఉంది. ఇప్పుడు మాట తన నోటి మీదికి వచ్చేసరికి మొగుడి పాదం గుర్తొచ్చింది, నేలని నొక్కి మెల్లగా ఎత్తుతున్న పాదం. ఆటోమేటిక్ వేయిస్తే అతను రేపే ఈ కారుని సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద తిప్పుకోవచ్చు. వేయించకపోతే ఎప్పుడు నడుపుతాడో, అసలు నడుపుతాడో లేదో. బల్ల మీది బాక్సుని చూసింది, కారు వైపు చూసింది, అతని వైపు చూసింది. అతను ఏ మాటా ఆమె నోటికి అందించడం లేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని, ఆమె ఏమన్నా సరేనన్నట్టు నిలబడ్డాడు.

“ఉన్న డబ్బా తియ్యొద్దు. రింగు మార్చండి చాలు” అంది. తర్వాత అతనితో, “మీరు నేర్చుకుంటారు. ఆలస్యమైతే అయింది, అప్పటిదాకా నేను నడుపుతాను. పక్కన కూర్చోండి” అంది.

“రోజూ పక్కనే కదా కూర్చునేది” అన్నాడు సత్యనారాయణ.

ఖుత్బుద్దీన్ ఫోను ఎత్తి, బాక్సు నీదేనని అవతలి మనిషికి అరబ్బీలో చెప్పాడు. గజేందర్ అప్పటికే జాకీ లాక్కొచ్చి పాంటియాక్ పక్కన పెట్టాడు.

రింగు మారిన తర్వాతి శుక్రవారం ఉమ్ సలాల్ దాటి, తోటల గోడలు అయిపోయాక, చదునుగా గట్టి నేల ఉన్న చోటుకి ముగ్గురూ వెళ్లారు. సనయ్యా నుంచి అక్కడిదాకా భరణే నడిపింది. ఒక సిగ్నల్ దగ్గర పక్క కారులోని ఖతరీ కుర్రవాళ్లు కిటికీలు దించి బొటనవేళ్లు చూపించారు. సత్యనారాయణ పక్క సీట్లోంచి వాళ్లకి నవ్వుతూ చెయ్యి ఊపాడు. చలికాలం పొద్దు. రాళ్ల మీద ఇంకా మంచు తడి ఉంది. దూరంగా ఒంటెలో, మేకలో, మెల్లగా కదులుతున్నాయి.

సీట్లు మారారు. సత్యనారాయణ బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుని, మళ్లీ సర్దుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. బండి ఊగి ఆగింది. మళ్లీ ఊగింది, ఆగింది. వెనక సీట్లో అమ్ము తల ముందు సీటుకి కొట్టుకుంది. కాలితో వెతకండి, చప్పుడు మారిన చోట ఆగండి అని భరణి చెప్పింది. చెప్తున్నకొద్దీ అతను బిగుసుకుపోతున్నాడు. తను పక్కన ఉండటమే టెస్టులా ఉందేమోననిపించి, మీరొక్కరే ప్రయత్నించండి అని అమ్ముని తీసుకుని దిగిపోయింది.

తల్లీకూతుళ్లు దూరంగా ఒక రాతి గట్టు మీద కూర్చున్నారు. భరణి సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. కారు ఊగుతూ ఆగుతూ ఉంది. ఒకసారి చాలాసేపు చప్పుడు లేదు. సత్యనారాయణ స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. వెళ్లనా అని అమ్ము లేవబోతే భరణి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఇంజను మళ్లీ మోగింది. ఈసారి చప్పుడు కొంచెం తగ్గి, నిలదొక్కుకుని, పొడుగాటి ఆ ముక్కు ఊగకుండా, ఆగకుండా ముందుకి వెళ్లింది. వెళ్తూనే ఉంది. మైదానం అంచుదాకా పోయి, పెద్ద మలుపు తిరిగి, దుమ్ము లేపుకుంటూ వాళ్ల ముందు నుంచే వెళ్లింది. సత్యనారాయణ కిటికీలోంచి ఏదో అరిచాడు గానీ ఇంజను మోతలో వినపడలేదు. పళ్లన్నీ కనిపించాయి.

మరో చుట్టు తిరిగాడు. ఇంకోటి తిరిగాడు. అమ్ము రెండు చేతులూ ఊపి రమ్మని పిలిచింది. అతనూ చెయ్యి ఊపాడు, ఆపలేదు.

“నాన్న ఆగడం లేదేంటమ్మా?”

“ఆపితే మళ్లీ కదలదేమోనని భయం” అంది భరణి. డబ్బా మూత తీసి కూతురి ముందు పెట్టింది. “పెట్రోలు అయిపోయాక వస్తారులే. నువ్వు తిను.”